మా జేజి మొక్కు: పెనుకొండ బాబయ్య, బసివి, సున్నపు గుంత

పోయిన భాగంలో కపిల బాన కుట్టే పని మన చేతుల్లోకి ఎట్లా వచ్చిందో, కరెంటు మోటార్లు రాగానే ఎట్లా పోయిందో రాశాను. ఆ పనిలో సగం చేతులు ఆడవాళ్లవి. ఆ చేతుల్లో ఒక జత మా జేజివి. ఈ భాగం ఆమె భక్తి గురించి. ఉద్యమంలో ఉన్నవాడు భక్తి గురించి రాయడమేంది అని కొందరు తమ్ముళ్లు అనుకోవచ్చు. చివరిదాకా చదవండి.

పెనుకొండ చరిత్ర అని ఏ పుస్తకం తెరిచినా వరస ఒకటే. 1565లో తళ్లికోట యుద్ధం, హంపి పాడుబడడం, తిరుమలరాయలు పెనుకొండను రాజధాని చేసుకోవడం, తర్వాత రాజధాని చంద్రగిరికి పోవడం. మధ్యలో గగన్ మహల్, కోట గోడలు, జైన బసదులు. పక్కనే లేపాక్షి, అచ్యుతరాయల కాలంలో పెనుకొండ ఖజానా చూసిన విరూపన్న కట్టించిన వీరభద్రుని గుడి. ఆ గుడి 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కింది. మంచిదే. కానీ ఆ కోటకు నీళ్లు తోడిన బానల తోలు ఎవరు ఊనారు, ఆ గుర్రాలకు వార్లు ఎవరు కోశారు, ఆ సైన్యానికి చెప్పులు ఎవరు కుట్టారు అని వెతికితే ఆ పుస్తకాల్లో ఒక్క వాక్యం దొరకదు. మన గేరి చరిత్ర మన ముసలివాళ్ల నోట్లో ఉంది. వాళ్లు పోతే అదీ పోతుంది.

మా జేజి పుట్టింది పెనుకొండ కొండ కనిపించే ఒక పల్లెలో. మెట్టినిల్లు హిందూపురం పక్క. చివరి సంవత్సరాలు గడిపింది ధర్మవరంలో, మా అత్త ఇంట్లో. మూడు ఊళ్లూ ఒకే రైలు పట్టా మీద ఉన్నాయి. గుంతకల్లు నుంచి బెంగళూరు పోయే ఆ పట్టాయే ఆమెకు తెలిసిన ప్రపంచం. మీటర్ గేజ్ బండి రోజుల నుంచి ఎక్కింది. టికెట్టు కొనిందెన్నిసార్లో, కొననిదెన్నిసార్లో ఆమె చెప్పదు, మేం అడగం.

పుట్టిన సంవత్సరం ఆమెకు తెలీదు. కరువులతో లెక్క చెప్పేది. వాళ్ల అవ్వ "ధాత కరువు"లో పుట్టింది. అంటే 1876-77, సీమలో ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయిన కరువు. 1952లో ప్రభుత్వం సీమ అంతటా గంజి కేంద్రాలు తెరిచింది కదా, దాన్ని మా పక్క "గంజి కరువు" అంటారు. ఆ నాటికి జేజికి ఇద్దరు ఆడపిల్లలు. చిన్నది చంకలో, పెద్దది చెయ్యి పట్టుకొని. గంజి దగ్గర కూడా మన వరస వేరేగా నిలబెట్టినారంట. "ఆకలికి కులం లేదంటారే, గంజికి ఉండె నాయనా" అనేది నవ్వుకుంటా.

ఇక బాబయ్య. పెనుకొండలో బాబా ఫకృద్దీన్ దర్గా ఉంది. పుస్తకాల్లో ఆయన సీస్తాన్ నుంచి వచ్చిన సూఫీ, తిరుచిరాపల్లి నత్తర్ వలీ శిష్యుడు. గురువు ఒక పుల్ల ఇచ్చి, ఇది ఏ ఊర్లో నాటితే తెల్లారేసరికి చిగురిస్తుందో అక్కడ ఉండిపో అన్నాడని, అది పెనుకొండలో చిగురించిందని కథ. దూదేకులవాళ్లు ఆయన్ను తమ గురువుగా చెప్పుకుంటారు. జనానికి మాత్రం ఆయన బాబయ్య, బాబయ్య స్వామి. అనంతపురం జిల్లాలో పాత ఓటర్ల జాబితాలు తీసి చూడండి. బాబయ్య, ఫకీరప్ప, ఫకీరమ్మ అనే పేర్లు అన్ని కులాల్లోనూ కనపడతాయి. మన గేరిల్లో ఇంకా ఎక్కువ.

జేజి చెప్పే కథ వేరే. పుల్ల చిగురించడం ఆమెకు పెద్ద వింత కాదు. ఆమె కథలో రాజుగారి గుడి అయ్యోరికీ బాబయ్యకూ పందెం పడుతుంది. ఇద్దర్నీ సున్నపు మూటల్లో కట్టి నీళ్లలో వేస్తారు. అయ్యోరు తేలడు. బాబయ్య మాత్రం ఒంటి మీద ఒక బొబ్బ లేకుండా, తెల్లబట్టల్తో గట్టు మీద కూచోని ఉంటాడు. ఈ కథ పెనుకొండ చుట్టుపక్కల చాలామంది చెప్తారు. కానీ జేజి చెప్పేటప్పుడు సున్నం దగ్గర ఆగేది. రెండు చేతులూ చాపి చూపించేది. వేళ్ల సందుల్లో చర్మం పగిలి, మానిపోయి, మళ్లీ పగిలి, ఏనుగు తోలు మాదిరిగా ఉండేది.

తోలు ఊనే పని తెలియని తరానికి రెండు మాటలు చెప్తాను. పచ్చి తోలును మొదట సున్నపు గుంతలో నానేస్తారు. రోజులు గడిచాక వెంట్రుక వదులుతుంది. దాన్ని గీకి, కడిగి, తంగేడు చెక్క నానబెట్టిన నీళ్లలో వేస్తారు. తంగేడు చెక్క తోలును గట్టిపరుస్తుంది. కోయడం, కుట్టడం మగవాళ్లు. సున్నం మోయడం, చెక్క దంచడం, నీళ్లు తేవడం, గుంతలో నుంచి తోలు తీసి కడగడం ఆడవాళ్లు. కాల్చిన సున్నపురాయి మీద నీళ్లు పడితే ఎట్లా ఉడుకుతుందో, ఆ నీళ్లు ఒంటికి తగిలితే ఏమవుతుందో గుడి అయ్యోరికి తెలీదు, రాజుకు తెలీదు. కథ వినే ఆసామికీ తెలీదు. మాదిగ ఆడదానికి తెలుసు. "అందులో నుంచి బొబ్బ లేకుండా లేసినాడంటే, వాడు మన మనిషే అయ్యుండాల" అని ఆమె తీర్మానం. దీన్ని ఏ పరిశోధకుడూ రాసినట్టు నేను చూడలేదు. అదే కథను ఒక్కొక్క కులం ఒక్కొక్క చోట ఆగి వింటుందని జేజి వల్లే నాకు తెలిసింది.

ఆమె భక్తి పద్ధతి చాలా చిన్నది. బేస్తవారం సాయంత్రం ఇల్లు అలికి, దీపం పెట్టి, ఊదుబత్తి ముట్టించి, పడమటి గూట్లో చెంచాడు చక్కెర పెట్టేది. ఏడాదికొకసారి ఉర్సుకు పోయేది. ఉర్సు హిజ్రీ లెక్క ప్రకారం వస్తుంది కాబట్టి మన క్యాలెండర్లో ఏటా పది పదకొండు రోజులు వెనక్కి జరుగుతుంది. ఒకసారి ఎండల్లో వస్తే, కొన్నేళ్లకు చలిలో వస్తుంది. చదువు రాని మనిషి ఆ తేదీని చంద్రుణ్ణి చూసి లెక్కపెట్టేది. ఒక్క ఏడూ తప్పలేదని మా అత్త అంటుంది. చక్కెర, బొరుగులు, పుట్నాలు తీసుకుపోయి చదివించి, తిరిగొచ్చి గేరి మొత్తానికి గుప్పెడు గుప్పెడు పంచేది. పిల్లలం ఆ చక్కెర కోసం రైలు వచ్చే పొద్దుకు స్టేషన్ దాకా ఉరికేవాళ్లం.

లేపాక్షి తిరునాళ్లకూ పోయేది. అయితే గుడిలోకి పోయేది కాదు. 1947లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఆలయ ప్రవేశ చట్టం వచ్చింది, మనం అప్పుడు మద్రాసు కిందే ఉన్నాం. చట్టం వచ్చినంత మాత్రాన ఊరి కట్టు ఊడిపోదు. లేపాక్షిలో పెద్ద నంది గుడికి బయట, కొంత దూరంలో ఉంటుంది. ఒకే రాతిలో చెక్కిన అంత పెద్ద నంది. జేజి దాని దగ్గర టెంకాయ కొట్టి వచ్చేది. "బసవన్నను బయట పెట్టినారు గాబట్టి మనకు మిగిలినాడు" అనేది. దర్గాలో సంగతి వేరు. అందరూ చెప్పులు బయట విడిచి లోపలికి పోతారు. చెప్పులు కుట్టే కులమూ అక్కడ చెప్పులు విడిచి అదే గడప దాటుతుంది. దర్గాను నేను స్వర్గమని చెప్పడం లేదు. ముస్లిం సమాజంలోనూ ఎక్కువ తక్కువలున్నాయి. దూదేకులవాళ్లను అడిగితే చెప్తారు, వాళ్లు ఎన్ని మాటలు పడ్డారో. కానీ ఒక మాదిగ ఆడమనిషి 1940ల్లో లోపలిదాకా పోయి, తలవంచి, తాకి మొక్కగలిగిన పెద్ద దేవుని చోటు ఆ చుట్టుపక్కల అదొకటే ఉండె. గేరి బయట మారెమ్మ ఉంది, కానీ మారెమ్మ మన ఇంటిమనిషి, ఆమె లెక్క వేరే.

ఇప్పుడు అసలు సంగతి.

జేజికి ఒక అక్క. నేను చూడలేదు. ఆమెను బసివిగా వదిలినారు. బసివి అనే మాట బసవ నుంచి వచ్చింది. దేవుని పేరు మీద ఆంబోతును ఊరిమీదికి వదిలినట్టు, ఆడపిల్లను వదలడం. మగపిల్లలు లేని ఇంట్లో ఒక కూతుర్ని దేవునికిచ్చి పెళ్లి చేయకుండా ఉంచితే, ఆమె కొడుకు లెక్క. తండ్రి పోతే కర్మ చేస్తుంది, వారసత్వం ఆమెది, ఆమె పిల్లలు తాత ఇంటి పేరు మోస్తారు. ఫ్రెడ్ ఫాసెట్ అనే పోలీసు అధికారి 1890ల మొదట్లో బళ్లారి పక్క బసివిల మీద వ్యాసం రాశాడు. అనంతపురం 1882 దాకా బళ్లారి జిల్లాలోదే కాబట్టి అది మన సంగతే. దేవునికి ఇవ్వడం వల్ల ఆడవాళ్లకు మగవాళ్ల హక్కులు వస్తాయని అతను ఆశ్చర్యపోయాడు. ఆ తర్వాత వచ్చిన కొందరు పండితులు కూడా అదే పట్టుకున్నారు.

మగవాళ్ల హక్కులట! మా పెద్దజేజికి వారసత్వంగా వచ్చిందేంది? రెండు సున్నపు గుంతలు, ఒక ఆరె, ఒక రంపె, కొన్ని కళ్లాల్లో మేర. భూమి ఉన్న ఇంట్లో కూతురికి కొడుకు హక్కు వస్తే దానికొక అర్థముంది. భూమి లేని గేరిలో ఆ హక్కు పేరు మీద జరిగింది ఒకటే. ఊరి ఆసాములకు అడిగేవాడు లేని ఒక ఆడది దొరికింది. దేవాలయ దేవదాసీలకు కొన్నిచోట్ల ఇనాం భూములన్నా ఉండేవి. మా బసివికి ఆ చెంచాడు మన్ను కూడా లేదు. పెద్దజేజి నలభై నిండకుండానే పోయిందంటారు. ఏ జబ్బుతో అనేది జేజి ఎన్నడూ చెప్పలేదు. అడిగితే లేచి పొయ్యి దగ్గరికి పోయేది.

డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి 1920ల చివర్లో మద్రాసు శాసనమండలిలో దేవదాసీ పద్ధతి మీద పోరాటం మొదలుపెట్టింది. 1947లో చట్టమైంది. ఆ చట్టం మన గేరి దాకా రాలేదు. అందుకే గంజి కరువు దాటిన కొన్నేళ్లకు, జేజికి ఇద్దరూ ఆడపిల్లలే అయ్యేసరికి, గేరి పెద్దలు ఇంటికొచ్చి కూర్చున్నారు. పెద్ద పిల్లను, అంటే మా అత్తను, బసివిగా వదలమన్నారు. అత్తకు అప్పుడు ఏడెనిమిదేళ్లు. జేజినాయన నోరెత్తలేదు. ఆయన మంచివాడే, కానీ పెద్దల ముందర నోరెత్తే మనిషి కాదు. ఎల్లమ్మ కోపగించుకుంటుందని, ఇంటికి దీపం ఉండదని, ఊరికి వాన పడదని చెప్పినారు. వాన పడకపోవడం సీమలో ఎవరి మీదైనా వేయగలిగిన నేరం.

జేజి వాళ్లతో వాదించలేదు. దేవుడు లేడు అనలేదు. చట్టముందని ఆమెకు తెలీదు. రెండో రోజు తెల్లవారుజామున అత్తను తీసుకొని హిందూపురం స్టేషనుకు నడిచింది. పెనుకొండలో దిగింది. దర్గాలో పిల్లకు తల తీయించింది, చక్కెర చదివించింది, ముజావరు చేత తాయెత్తు కట్టించింది. అంతకుముందున్న పేరు తీసేసి, ఫకీరు అనే మాట వచ్చేటట్టు కొత్త పేరు పెట్టించింది. సాయంత్రం బండికి తిరిగొచ్చి, గేరి నడిమధ్యలో నిలబడి చెప్పిందంట:

"బిడ్డను బాబయ్యకు ఇచ్చేసినా. ఒక స్వామికి ఇచ్చిన బిడ్డను గుంజుకొని ఇంకొక దేవునికి ఇచ్చేవాడు ఎవడున్నాడో రాండప్పా. వాని ఇల్లు సున్నమైతాది."

ఎవరూ రాలేదు. బాబయ్య మాట అంటే పెద్దలకూ భయమే, వాళ్లూ ఉర్సుకు పోయేవాళ్లే. ఎల్లమ్మ హక్కునూ బాబయ్య హక్కునూ తూచి తీర్పు చెప్పే పంచాయితీ ఏ ఊర్లోనూ లేదు. ఆ సందులో నుంచి ఒక ఆడపిల్ల బయటపడింది.

ఈ సంగతి నాకు అత్తే చెప్పింది, ధర్మవరంలో, రేషన్ కార్డులో ఆమె పేరు రాసిన గుమాస్తా "మీరు ముస్లింలా?" అని అడిగిన రోజు. తర్వాత రెండేళ్లకు మా నాయన పుట్టినాడు. బాబయ్య కొడుకునిచ్చినాడని గేరి అంతా చెప్పుకుంది. జేజి మాత్రం ఒప్పుకునేది కాదు. "నేను కొడుకు కోసం మొక్కలే. కూతురు కోసం మొక్కినా" అనేది.

అత్తకు పెళ్లయింది. తోలు పని అప్పటికే పడిపోయింది. అత్త కొన్నాళ్లు హిందూపురంలో చింతపండు కొట్టే కూలికి, కొన్నాళ్లు పట్టు రీలింగుకు పోయింది. పట్టుగూళ్లు మరిగే నీళ్లలో ఉంటే వేళ్లతో కొస వెతికి తీయాలి. జేజి చేతుల్ని సున్నం తింటే అత్త చేతుల్ని వేన్నీళ్లు తిన్నాయి. తర్వాత ధర్మవరం పోయి కండెలు చుట్టింది. ఆ ఊరి పట్టుచీర పేరు దేశమంతా తెలుసు. దాని వెనక కండెలు చుట్టిన చేతుల లెక్క మరో భాగంలో రాస్తాను.

నేను కాలేజీలో చేరి, అంబేద్కర్ సంఘంలో తిరిగే రోజుల్లో, జేజితో చాలా వాదించాను. మూఢనమ్మకం, బానిసత్వం, అన్ని మాటలూ వాడాను. ఆమె అంతా విని, తింటావా అని అడిగేది. బాబాసాహెబ్ ఫొటో తెచ్చి గోడకు కొడితే, మరుసటి బేస్తవారం ఆ ఫొటో ముందర కూడా చెంచాడు చక్కెర పెట్టి ఉంది. ఈయన దేవుడు కాదు జేజీ, మనిషి, చదువుకున్నాడు, మనకోసం చట్టం రాసినాడు అంటే, "బాబయ్య మాత్రం మనిషి కాదా? మీ బాబయ్య చట్టం రాసినాడు, మా బాబయ్య సున్నంలో నుంచి లేసినాడు. ఇద్దరూ మనోళ్లే" అంది. బాబాసాహెబ్, బాబయ్య, ఆమె నోట్లో ఒకే మాట. బాబాసాహెబ్ కూడా మతం వద్దని చెప్పి ఊరుకోలేదు. మనిషికి ధమ్మం కావాలని ఇరవై ఏళ్లు వెతికి, 1956లో నాగపూర్‌లో లక్షల మందితో కలిసి బౌద్ధం తీసుకున్నాడు. మన సంఘాల్లో ఈ సంగతిని గబగబా దాటేస్తాం.

ఇక కాగితం సంగతి. జేజి కుల ధ్రువీకరణలో మతం గడిలో "హిందూ" అని ఉంది. గుడిలోకి రానివ్వని మతం పేరు ఆమెకు తగిలించి, గడప దాటనిచ్చిన చోటి పేరు రాస్తే హక్కు పోతుందని చెప్పే చట్టం మనది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డ్ కులం కాడు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చినారు. ముస్లింలు, క్రైస్తవులు ఇప్పటికీ బయటే. దళిత క్రైస్తవులను చేర్చమని మన రాష్ట్ర శాసనసభ 2023 మార్చిలో తీర్మానం చేసి పంపింది, అది ఢిల్లీలో ఉంది. ఆ మూడో పేరా రాసినవాళ్ల బుర్రలో మనిషికి ఒక మతం, మతానికి ఒక గడి. జేజి బతుకు ఆ గడిలో పట్టదు. ఆమె మారెమ్మకు కోడి కోసింది, నందికి టెంకాయ కొట్టింది, బాబయ్యకు బిడ్డనిచ్చింది, మా చిన్నమ్మ చర్చికి పిలిస్తే పోయి పాటలు పాడి వచ్చింది. ఎక్కడ మనిషిగా చూస్తే అక్కడ మొక్కింది. ఈ మధ్య దర్గాకు ఎవరు పోవాలి, ఎవరు పోకూడదు అని మన పిల్లలకు వాట్సాప్‌లో పాఠాలు చెప్పేవాళ్లు తయారయినారు. వాళ్లలో ఎవరి జేజీ సున్నం మోసి ఉండదు.

జేజి ధర్మవరంలో పోయింది. రాత్రికి రాత్రే హిందూపురం పక్క ఊరికి తెచ్చినాం. పలక కొట్టినారు. చిన్నమ్మ వాళ్ల పాస్టరు ప్రార్థన చేసినాడు. పెనుకొండ నుంచి ఒక ఫకీరు వచ్చి నెమలీకల కట్టతో ఆమె కాళ్ల దగ్గర ఊదు వేసినాడు. సంఘం పిల్లలు నీలం జెండా కప్పినారు. పూడ్చే చోటు గురించి ఊరితో మళ్లీ గొడవ, శ్మశానం దారి పొలంలో కలిసిపోయింది. అది చెప్పాలంటే ఇంకో భాగం కావాలి. మట్టి మాత్రం అత్త ముందు వేసింది. నాయన పక్కనే ఉండి, "అక్కా, నువ్వే వెయ్" అన్నాడు. బసివి కాకుండానే, ఎవరికీ ఇవ్వబడకుండానే, ఒక కూతురు తల్లికి మట్టి వేసింది.

తర్వాత 1988 చట్టం గురించి వెతికాను. ఆంధ్రప్రదేశ్ దేవదాసీ నిషేధ చట్టం అది. బసివి, జోగిని, మాతమ్మ, ఇట్లాంటి అన్ని పేర్లనూ దాని కిందకు తెచ్చింది. అత్త తప్పించుకొని అప్పటికి ముప్పై ఏళ్లు.

విద్యార్థి మిత్రులకు ఒక పని. సెలవులకు ఊరికి పోయినప్పుడు మీ ఇంట్లో, మీ గేరిలో ఫకీరు, బాబయ్య, కుళ్లాయప్ప, మస్తాను అనే మాటలున్న పేర్లు ఎవరికున్నాయో రాసుకోండి. ఆ పేరు ఎవరు పెట్టారు, ఏ ఏడు, ఎందుకు పెట్టారు అని అడగండి. మొదటిసారి అడిగితే "మొక్కు" అంటారు. రెండోసారి అడగండి. మొక్కు వెనక ఏం జరిగిందో ముసలమ్మలను పక్కన కూర్చోబెట్టుకొని, మగవాళ్లు లేనప్పుడు అడగండి. రాసింది నాకు పంపండి, పేర్లు మార్చి దాచిపెడదాం.

అత్త ఇప్పుడు ఉర్సుకు బస్సులో పోతుంది, మోకాళ్లు రైలు మెట్లు ఎక్కనివ్వడం లేదు. చక్కెర రెండు పొట్లాలు కడుతుంది. ఒకటి తన మొక్కు, ఇంకొకటి పెద్దజేజి పేరు మీద.

వచ్చే భాగం: హిందూపురం చింతపండు మండీలో కూలి రేట్లు, మన ఆడవాళ్లు.

జై భీమ్.